ఘాటమ్మ చిటికెడు

పొద్దున్న మాత్రలు వేసుకోవడానికి అన్నయ్య నీళ్ల గ్లాసు ఎత్తేవాడు. వదిన పొయ్యి దగ్గర నిలబడి ఏదో కలుపుతున్నట్టే ఉండేది గాని, చూపు మాత్రం ఆ గ్లాసు మీదే. నీళ్లు కదలకుండా పెదవి దాకా చేరితే ఆ పూటకు ఆమె మామూలు మనిషి. అంచున ఒక్క చుక్క తొణికిందా, గరిటె చప్పుడు ఆగిపోయేది.

“ఏమిటే ఆ చూపు? గ్లాసు మింగేస్తానా?” అనేవాడు అన్నయ్య.

“చెయ్యి వణక్కుండా ఉంటే అదీ మింగండి, నాకేం?” అనేది వదిన.

ఇద్దరూ నవ్వేవారు. ఆ నవ్వు గొంతు దాటి కిందికి దిగేది కాదు. అన్నయ్య ఒంట్లో ఉన్న కిడ్నీ అన్నయ్యది కాదు, మా చెల్లిది. అది నిలుస్తుందా పోతుందా అన్నదే ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క సంగతి. మిగతా మాటలన్నీ దాని చుట్టూ తిరిగేవి.

వదినను వీధంతా ఘాటమ్మ అనేది. అన్నయ్యా ఆమే కలిసి మసాలా దినుసులు పట్టే మర నడిపేవారు. రేకుల కప్పు కింద ఒక పొడవాటి గది, మధ్యలో మర, మూలన దినుసులు వేయించే ఇనప మూకుడు. గోడలకు పసుపూ ఎరుపూ గోధుమరంగూ కలిసిపోయి, పేరు లేని ఒక రంగు పట్టేసి ఉండేది. సున్నం వేయించిన నాలుగు రోజులకే ఆ రంగు మళ్లీ పైకి తేలేది. మిరపకాయలు పట్టాక, పక్కవాళ్ల పసుపు వేసే ముందు, పిడికెడు నూకలు వేసి మర కడుపు కడిగేది వదిన. ఒకరి సరుకు వాసన ఇంకొకరి సరుకులో వచ్చిందని ఏనాడూ మాట పడలేదు.

ఆ మరలో ఒక పద్ధతి ఉండేది. అది వదిన ఒక్కర్తిదే, వేరే చోట నేను చూడలేదు. మిరియాలు గాని మిరపకాయలు గాని పట్టేటప్పుడు పొడి మెత్తగా దిగిందో లేదో తెలుసుకోవడానికి ఆమె ముక్కు దగ్గర పెట్టుకునేది కాదు. వేళ్లతో కాస్త తీసి గుమ్మంలో గాలిలోకి విదిలించి, వీధి వైపు చూస్తూ నిలబడేది. అటుగా వెళ్లేవాళ్లెవరైనా తుమ్మితే, “దిగింది, చాలు,” అని మర ఆపేది. ఎవరూ తుమ్మకపోతే ఇంకో దఫా పట్టేది.

“ఏమ్మా ఘాటమ్మా, మా ముక్కులే దొరికాయా నీకు?” అని తిట్టుకుంటూ పోయేవాళ్లు.

“తుమ్మినందుకు డబ్బులివ్వమంటారా ఏమిటి? మీ ఇంటి సరుకు పట్టేటప్పుడు పక్కింటాయన తుమ్మలేదూ? ఇప్పుడు మీ వంతు,” అనేది ఈవిడ.

అందరూ అది ఆమె తమాషా అనుకున్నారు. మేమూ అంతే.

నాకు కుర్రతనం నుంచీ కడుపులో పుండు. ఉడకబెట్టిన కూరలూ, రొట్టే, మజ్జిగా తప్ప ఏదీ పడేది కాదు. అందుకని వదిన నన్ను ‘చప్పిడి మరిది’ అని పిలిచేది. “మా మరిది నాలుక మీద చీమ కూడా ఆగదు,” అని మరకు వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆమె చేతి వంట నేను ఎరగను. ఎరగను అన్న మాట తరువాత పనికొస్తుంది కనుక ఇక్కడే చెబుతున్నాను.

అన్నయ్యకు రక్తపోటు. చాలాకాలం తెలియకుండానే ఉండి, రెండు కిడ్నీలనూ తినేసింది. కిడ్నీ ఇస్తానని ముందు వదినే లేచింది. పరీక్షలు చేసి సరిపడదన్నారు. ఆ మాట విన్న రోజు ఆమె ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని, ఏదో దొంగతనం చేసి దొరికిపోయిన మనిషిలా తల వంచుకుంది. నాది పుండు కడుపు, నా రక్తమూ కుదరలేదు. మా అందరి కంటే చిన్నది, పక్క ఊళ్లో బట్టలు కుట్టుకునే చెల్లిది కుదిరింది. “నాకు రెండెందుకు, కుట్టు మిషను ఒక్క కాలితోనే తొక్కుతానుగా,” అంది అది. ఆపరేషన్ అయ్యాక ఫోన్ చేసినప్పుడల్లా, “నా పిల్ల ఎలా ఉంది?” అని అడిగేది.

“పొద్దున్నే లేచి నీళ్లు అడిగింది. తాగించాం. ఇప్పుడు ఆడుకుంటోంది,” అనేవాడు అన్నయ్య.

ఇంటికి పంపే ముందు డాక్టరమ్మ అన్నయ్యనూ వదిననూ నన్నూ కూర్చోబెట్టి చెప్పింది. ఆవిడ నిదానస్తురాలు, అడిగినదానికి విసుక్కోకుండా మళ్లీ చెప్పే మనిషి.

“ప్రతి ఒంట్లోనూ ఒక కాపలా ఉంటుందమ్మా. బయటి నుంచి ఏది వచ్చినా తరిమేస్తుంది. ఇప్పుడు ఈ కిడ్నీ కూడా దానికి బయటిదే. అందుకే మాత్రలతో ఆ కాపలాను జోకొట్టి పడుకోబెడుతున్నాం. మరీ గాఢంగా పడుకుందా, ప్రతి జలుబూ ప్రతి జ్వరమూ లోపలికి వచ్చేస్తాయి, మాత్ర ఎక్కువై చెయ్యి వణుకుతుంది, కిడ్నీకే దెబ్బ తగులుతుంది. సరిగ్గా పడుకోలేదా, లేచి కిడ్నీనే తరుముతుంది. మధ్యలో సన్నటి దారి. రక్తంలో మాత్ర ఎంత ఉందో చూసుకుంటూ దాని మీదే నడవాలి.”

“కాపలావాడు పడుకుంటే దొంగల్ని ఎవరు చూస్తారండీ?” అని అడిగింది వదిన.

“మీరే చూడాలి,” అంది డాక్టరమ్మ.

చేతులు కడుక్కోవడం, గుంపుల్లోకి వెళ్లకపోవడం, జలుబు ఉన్నవాళ్లను రానివ్వకపోవడం అన్న అర్థంలో ఆవిడ ఆ మాట అంది. వదిన దాన్ని ప్రమాణంలా నెత్తిన పెట్టుకుంది.

మర దుమ్ము పడదని కాపురాన్ని మా ఇంటి పై వాటాకు మార్చారు. పగలు వదిన ఒక్కతే మర నడిపేది. సాయంత్రం తలుపు బయటే బట్టలు మార్చుకుని, స్నానం చేసి గాని అన్నయ్య గదిలో అడుగు పెట్టేది కాదు. చుట్టాలకూ స్నేహితులకూ రాకపోకలు బంద్. నాకు కూడా గుమ్మం దాకానే అనుమతి. ఆ మెట్ల మీద కూర్చుని నేను పేపరు చదివి వినిపిస్తే, లోపల కుర్చీలో కూర్చుని అన్నయ్య వినేవాడు.

తిండి గురించి చెప్పే అమ్మాయి ఆసుపత్రిలో వేరే ఉంది. “ఉప్పు బాగా తగ్గించాలండీ. చప్పగా ఉంటుంది కాబట్టి రుచికి దినుసులు వేసుకోండి. పసుపు, మిరియం, ధనియాలు, జీలకర్ర, దాల్చిన చెక్క, ఏవైనా. కాకపోతే వంటలో మామూలుగా వేసుకున్నంతే. మందులా పొడులు మింగడం, కషాయాలు, గొట్టం మాత్రలు వద్దే వద్దు. అవి మన మాత్రతో తగువు పెట్టుకుంటాయి,” అని చెప్పింది. వదిన ఆ మాటలు విని ఇంటికి వచ్చేటప్పుడు దారిలో మొదటిసారి కాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. దినుసులు తనకు తెలిసినవి. కిడ్నీ ఇవ్వలేకపోయింది. ఇదైనా ఇవ్వగలదు.

మరకు వచ్చినవాళ్లు ఊరుకుంటారా? ప్రతివాళ్లకూ ఒక చిట్కా ఉంది. ఇంత పసుపు తేనెలో కలిపి నాకించమని ఒకరు, లవంగాలు మరిగించి తాగించమని ఒకరు. రిటైరైన పోస్టుమాస్టరు గారు ఒక సీసా పట్టుకొచ్చి మర అరుగు మీద పెట్టారు.

“ఇది పసుపు సారం ఘాటమ్మా. మిరియం సారం కూడా కలిపారు. రోగనిరోధక శక్తి పెరుగుతుంది. రోజుకు రెండు గొట్టాలు వెయ్యి మీ ఆయనకు.”

“మా ఆయనకు ఆ శక్తి పెరిగితేనే ముప్పు సార్. అది పడుకుని ఉండాలి. మీరే వేసుకోండి, మా అరుగు ఎక్కడానికే ఆయాసపడుతున్నారు,” అని సీసా ఆయన సంచిలోనే తిరిగి పెట్టింది.

అంత గట్టిగా ఉండేది. బయటి వస్తువు ఒక్కటి కూడా ఆ మెట్లెక్కలేదు. అది నేను చూసిన సంగతి.

చలికాలం మొదట్లో అన్నయ్యకు చిన్న జలుబు చేసింది. మనకైతే రెండు తుమ్ములతో పోయే జలుబు. అతనికి అది ఊపిరితిత్తుల్లోకి దిగి, ఆసుపత్రిలో సూదులూ సీసాలూ దాకా వెళ్లింది. తిరిగి వచ్చాక వదిన గుండె గుప్పిట్లో పెట్టుకుని బతికింది. దగ్గు వినిపిస్తే పరుగు. దగ్గు వినిపించకపోతే, ఎందుకు వినిపించడం లేదని పరుగు. వంట విషయంలో అప్పటి నుంచే ఆమెలో ఒక పట్టుదల వచ్చింది. సూపులో మిరియం, పాలల్లో పసుపు, కూరలో రెండూ. “వంటలో వేసింది మందు కాదుగా మరిదీ. ఒంటికి కాస్త ఆసరా. అంతేగా?” అని మెట్ల మీద నన్ను అడిగేది. అడిగి, జవాబు కోసం ఆగేది కాదు.

అన్నయ్య ముద్ద నోట్లో పెట్టుకుని, “చప్పగా ఉందే,” అనేవాడు. వదిన ఇంకో చిటికెడు వేసేది.

మా ఇంట్లోకి పైనుంచి ఘాటు దిగుతూనే ఉండేది. మర బట్టల వాసన అనుకునేవాళ్లం. ఆ ఇంటి మనుషులంటేనే ఆ వాసన కదా.

చలి తగ్గే రోజుల్లో అన్నయ్య చెయ్యి వణకడం మొదలైంది. ముందు గ్లాసు, తరువాత చెంచా, ఆ తరువాత చొక్కా గుండీలు. రక్తం పరీక్షలో మాత్ర ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువగా ఉంది. కిడ్నీ పనితీరు చెప్పే అంకె కూడా పైకి జరిగింది. ఆ అంకె పెరగకూడదు.

“మాత్రలు రెండుసార్లు వేసుకున్నారా మరచిపోయి?” అని అడిగింది డాక్టరమ్మ.

“నేనే చేతిలో పెడతానండీ. నోట్లో వేసుకునే దాకా కదలను,” అంది వదిన.

“పంపరపనస లాంటి పండ్లు? నాటు మందు? కషాయం?”

“ఈయన మీద ఒట్టు, ఏదీ లేదు.”

“పసుపూ మిరియాలూ?”

“వంటలోనేనండీ. చిటికెడు.” బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించింది.

డాక్టరమ్మ తల ఊపింది. ఆ వేళ్లు చూసి ఎవరైనా తల ఊపుతారు. మాత్ర తగ్గించింది. వణుకు కాస్త తగ్గి, మళ్లీ మొదలైంది. మళ్లీ పరీక్ష. మాత్ర తగ్గించినా రక్తంలో తగ్గలేదు. కిడ్నీ అంకె ఇంకొంచెం జరిగింది. ఇలాగే ఉంటే సూదితో కిడ్నీ ముక్క తీసి చూడాలి అంది డాక్టరమ్మ. ఆ మాట మెట్లెక్కి ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి ముగ్గురికీ నిద్ర లేదు. వదిన ఇంకా జాగ్రత్త పడింది. ఆమె జాగ్రత్త పడటం అంటే వంటింట్లోకి వెళ్లి నిలబడటమే.

కిడ్నీ ఇచ్చినవాళ్లు కూడా ఏడాదికోసారి చూపించుకోవాలి. ఆ పని మీద చెల్లి వచ్చింది. డాక్టరమ్మ దగ్గరే విషయమంతా విని, ముఖం గంటు పెట్టుకుని మెట్లెక్కింది. వదిన ఆమెకు చేతులు కడిగించి, బట్టలు మార్పించి, నోటికి గుడ్డ కట్టించి లోపలికి రానిచ్చింది. ఆ రోజు నన్ను కూడా లోపలికి పిలిచారు. నా చప్పిడి డబ్బా పట్టుకుని ఒక మూల కూర్చున్నాను.

“వదినా, నిజం చెప్పు. అన్నయ్యకు ఏం తాగిస్తున్నావు?” అంది చెల్లి, కూర్చోకుండానే.

“ఏం తాగించడం ఏమిటే?”

“మర దగ్గర వంద మంది వంద చెబుతారు. అందులో ఏదో ఒకటి పట్టుకుని ఉంటావు. నాకు తెలుసు.”

“ఒక్కటి పట్టుకున్నట్టు చూపించు. మెట్ల మీంచి దూకేస్తా.”

“దూకితే కాలు విరుగుతుంది గాని నా కిడ్నీ తిరిగి రాదు.”

“అది నీకు ఎంతో నాకూ అంతే!”

“నీకెందుకంత? ఇచ్చింది నేను.”

“ఇచ్చింది నువ్వు. మోస్తున్నది ఆయన. కళ్లలో ఒత్తులు వేసుకుని కాస్తున్నదెవరు? చెప్పు, ఎవరు?”

“అమ్మా తల్లుల్లారా,” అన్నాడు అన్నయ్య, “ఆ పిల్ల మీ అరుపులకు నాలో జడుసుకుంటోంది. అన్నం పెట్టండి ముందు.”

చెల్లి నోటి గుడ్డ విప్పి దూరంగా, కిటికీ పక్కన కంచం పట్టుకుని కూర్చుంది. “తిన్నాక చెబుతున్నా వదినా, నీకు కోపమొచ్చినా సరే. అన్నయ్యను కొన్నాళ్లు నా దగ్గరికి తీసుకుపోతాను. నా చేతి వంట తింటాడు.”

వదిన ముఖంలో రంగు పోయింది. గరిటె తీసి కూర వడ్డించింది.

చెల్లి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తరువాత కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు పట్టేసింది, కంచం పక్కన పెట్టి దగ్గడం మొదలుపెట్టింది. దగ్గు మధ్యలో తుమ్ములు.

వదిన గరిటె ఎత్తి అన్నయ్యకూ ఆమెకూ మధ్యకు దూకింది. “జలుబుతో వచ్చావా? నోరు మూసుకో! దూరం జరుగు! మరిదీ, కిటికీ తియ్యండి! ఏమండీ, మీరు లోపలి గదిలోకి పొండి!”

“జలుబు... కాదు...” చెల్లి గ్లాసు నీళ్లన్నీ తాగేసింది. “జలుబు కాదు వదినా. నీ కూర!”

“కూరకేమొచ్చింది?”

“నోరు కాలిపోయింది. ఇది కూరా? మందుగుండా?”

“మామూలుగానే ఉందే,” అన్నాడు అన్నయ్య ముద్ద నములుతూ. “నిజం చెప్పాలంటే కాస్త చప్పగా ఉంది.”

చెల్లి అతని వంక చూసింది. తరువాత నా వంక చూసింది. “చిన్నన్నయ్యా, నువ్వు ఒక మెతుకు నోట్లో పెట్టుకో.”

పెట్టుకున్నాను. చెవుల్లోంచి పొగ వచ్చిన మాట నిజం. నీళ్ల కోసం నేను ఎటు పరుగెత్తానో నాకే తెలియదు.

వదిన ఇద్దరినీ మార్చి మార్చి చూసి, కూర గిన్నె ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది.

“ఎంత వేశావు?” అడిగింది చెల్లి. గొంతులో ఇందాకటి పదును లేదు.

“చిటికెడే వేశాను.”

“ఎలా వేశావో వేసి చూపించు. ఈ కంచంలో వెయ్యి.”

వదిన పసుపు డబ్బా తీసింది. అయిదు వేళ్లూ లోపలికి వెళ్లాయి. కంచంలో విదిలించింది. తల పక్కకు తిప్పి, చెవి ఒగ్గినట్టు ఒక్క క్షణం నిలబడింది. చెయ్యి మళ్లీ డబ్బాలోకి వెళ్లింది. విదిలించింది. మళ్లీ అదే ఆగడం, అదే చెవి ఒగ్గడం. మళ్లీ చెయ్యి. మిరియం డబ్బా తీసినా అంతే. కళ్లు కంచం మీద లేవు. కిటికీ వైపు, వీధి వైపు ఉన్నాయి. మర గుమ్మంలో ఎన్నో ఏళ్లు వీధి వైపు చూస్తూ నిలబడిన నిలబాటు అది.

“వదినా, చాలు,” అంది చెల్లి. “వదినా! ఆపు!”

వదిన ఉలిక్కిపడి కంచం వైపు చూసుకుంది. పసుపూ మిరియమూ కలిసి ఒక గుట్ట. పిల్లలు ఇసుకలో కట్టుకునే గూడంత.

“ఎవరూ తుమ్మలేదు కదా,” అంది వదిన మెల్లగా. తనలో తాను అనుకున్నట్టు అంది.

ఆ ఇంటికి ఇన్నాళ్లుగా బయటి మనిషి రాలేదు. ఆ వంట ముద్ద బయటి మనిషెవరూ నోట్లో పెట్టుకోలేదు. తుమ్మేవాళ్లెవరు? తిన్నది అన్నయ్య. అతని ముక్కూ ఆమె ముక్కుతో పాటే ఆ మర గదిలో ఏళ్ల తరబడి నానింది.

చెల్లి లేచి దాల్చిన చెక్క డబ్బా, లవంగాల డబ్బా తీసుకొచ్చింది. “కళ్లు మూసుకో వదినా.” ఒక్కొక్కటే ముక్కు కింద పెట్టింది. వదిన గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

“ఏది?”

“మూత తియ్యవే ముందు.”

“తీశాను వదినా.”

వదిన కళ్లు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు వచ్చాయి. అవి ఘాటుకు వచ్చినవి కావు.

“మరి మూకుట్లో దినుసులు వేగాయో లేదో ఎలా చెప్పేదానివే?” అన్నాడు అన్నయ్య, అతనికే ఆశ్చర్యంగా.

“రంగు చూసి. చిటపటలు విని. ఎప్పటి నుంచో అంతే. ముక్కు అనేది ఒకటి ఉందని మరచిపోయాను.”

ఆమె ఆ గుట్టను అలాగే కాగితంలో పొట్లం కట్టింది. మర్నాడు ఆసుపత్రిలో, పిలవకముందే గదిలోకి వెళ్లి డాక్టరమ్మ బల్ల మీద విప్పింది.

“ఇదండీ నా చిటికెడు. ఒక్క పూటది. పాలల్లోది వేరే.”

డాక్టరమ్మ పొట్లం వైపు చూసి, తరువాత వదిన వేళ్ల వైపు చూసింది. కోప్పడలేదు. “ఇదే కారణమని ఇప్పుడే అనలేను. కావడానికి అవకాశం మాత్రం ఉంది. ఇంత పసుపూ మిరియమూ రోజూ లోపలికి వెళితే మాత్ర ఒంట్లోంచి పోయే దారికి అడ్డం పడొచ్చు. వంటలో వేసుకోమంటే మా మనసులో ఉన్న కొలత వేరమ్మా. ఆపి చూద్దాం. ముక్క తీయడం ఇప్పటికి ఆపుదాం.”

“ఈ పూట నుంచే ఆపేస్తానండీ. కాలవలో పారబోస్తా.”

“ఆపండి. కానీ వినండి. మాత్ర ఇప్పటికే తగ్గించాం. ఘాటు ఒక్కసారిగా ఆపితే రక్తంలో మాత్ర కూడా ఒక్కసారిగా పడిపోవచ్చు. అప్పుడు కాపలా లేస్తుంది. అందుకని వెంటవెంటనే రక్తం చూస్తూ మాత్ర సర్దాలి. నేను చెప్పకుండా ఏదీ మార్చొద్దు.”

వదిన మొహం చూడాల్సింది. వేసినా ముప్పే, ఆపినా ముప్పే.

ఆ తరువాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. వంట చెల్లి చేసింది. వదిన తన వంటింటి గుమ్మం బయట, పరాయి ఇంటికి వచ్చినదానిలా నిలబడేది. లోపల మూత చప్పుడైతే, “ఏం వేశావు?” అనేది. “నీళ్లు,” అనేది చెల్లి. అన్నయ్య ఒక్కో ముద్దా కష్టం మీద మింగేవాడు. “ఇది తింటుంటే మా తమ్ముడి బతుకు ఏమిటో తెలుస్తోంది,” అన్నాడు. నేను తప్ప అందరూ నవ్వారు. ఆసుపత్రి నుంచి ఫోన్ మోగిన ప్రతిసారీ వదిన దాన్ని చేతిలోకి తీసుకునేది, తీసుకుని చెల్లికి ఇచ్చేసేది. వినే ధైర్యం ఉండేది కాదు.

రక్తంలో మాత్ర దిగింది. మరీ దిగబోతుంటే డాక్టరమ్మ మాత్ర పెంచింది. చివరికి సన్నటి దారి మీదికి వచ్చి నిలబడింది. చేతి వణుకు తగ్గింది. కిడ్నీ అంకె కూడా కిందికి జరిగింది గాని, చలికాలానికి ముందు ఉన్న చోటికి రాలేదు. కాస్త మచ్చ ఉండిపోయి ఉంటుంది అంది డాక్టరమ్మ.

“అంటే నా పిల్లకు దెబ్బ తగిలిందన్నమాట,” అంది చెల్లి.

వదిన ఏమీ అనలేదు. అనకపోవడం నేను ఆ ఒక్కసారే చూశాను.

ఊరికి వెళ్లే రోజు చెల్లి అన్నయ్య బట్టల సంచి సర్దలేదు. సర్దుతుందేమోనని వదిన పొద్దుటి నుంచీ ఆ గదిలోకే పోలేదు. చెల్లి మాత్రం వంటింట్లోకి వెళ్లి, పిల్లల దగ్గు మందు సీసాతో వచ్చే బుల్లి చెంచాలు రెండు తీసి, ఒకటి పసుపు డబ్బాకూ ఒకటి మిరియం డబ్బాకూ తన కుట్టు దారంతో కట్టింది. తెగకుండా ముడి మీద ముడి వేసింది.

“కొలవడానికి నాకు టేపు, నీకు చెంచా. కూరకు ఒక్కటే, అదీ అంచు సమంగా, వేలితో తలగొట్టి. చెయ్యి డబ్బాలోకి వెళ్లిందా, అన్నయ్యను సంచిలో పెట్టుకుని పోతా.”

“వెళ్లదు,” అంది వదిన.

“నీ మీద నమ్మకం లేదు. అందుకే ఇంకో ఏర్పాటు.” నా వైపు తిరిగింది. “చిన్నన్నయ్యా, ఈ ఇంట్లో బతికి ఉన్న ముక్కు నీదొక్కటే. రోజూ పూటకోసారి పైకి వచ్చి కూర వాసన చూడు. ఘాటు తెలిస్తే పారబోయించు.”

అలా నాకు లోపలికి వెళ్లే అనుమతి దొరికింది. చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర నిలబడి, “జలుబు లేదు, గొంతు నొప్పి లేదు,” అని చెప్పి గాని లోపలికి వెళ్లకూడదు. వదిన మెట్ల మీంచి కేక వేసేది, “మరిదీ, ముక్కు!” అని. నేను ఎక్కేవాడిని. గిన్నె మూత తీసేది. నేను వంగి పీల్చేవాడిని. ఆ కాసేపూ ఆమె నా ముఖం వంక, ఒకప్పుడు వీధి వంక చూసినట్టే చూస్తూ నిలబడేది. నేను ఏమీ లేదన్నట్టు తల ఊపితే గాని వడ్డించేది కాదు. మరలో మాత్రం గిరాకీ తగ్గలేదు. వీధి ఎప్పటిలాగే తుమ్ముతూనే ఉంది.

ఇప్పుడు ఆ మర లేదు, ఆ గోడలూ లేవు. కళ్లు మూసుకుంటే మాత్రం నాకు ఆ వంటిల్లే కనిపిస్తుంది. అందులోనూ ఒక మధ్యాహ్నం.

ఆకాశం మబ్బు పట్టి ఉంది. “మరిదీ, ముక్కు!” అని కేక. ఎక్కాను. చేతులు కడుక్కున్నాను. అన్నయ్య బల్ల దగ్గర గ్లాసు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. వదిన మూత తీసింది. వంగి పీల్చాను.

తుమ్ము వచ్చింది.

గది అంతా ఆగిపోయింది. వదిన చేతిలో మూత అలాగే ఉంది. ఆమె కళ్లు ఒకసారి గిన్నె మీదికీ, ఒకసారి అన్నయ్య మీదికీ, ఒకసారి నా మీదికీ పరుగులు పెట్టాయి.

“అది కూరకా మరిదీ,” అంది పీల గొంతుతో, “జలుబుకా?”

కూరకైతే గిన్నెలో ముప్పు. జలుబుకైతే నాలో ముప్పు. చెంచా దారానికే వేలాడుతోంది, ముడి అలాగే ఉంది. నా ముక్కు మామూలుగానే ఉన్నట్టుంది. పొద్దున్న వానలో కాస్త తడిసిన మాట కూడా నిజమే.

“నాకు తెలియడం లేదు వదినా,” అన్నాను.

ఆమె కూర గిన్నె తీసి తొట్టిలో బోర్లించింది. అదే చేత్తో కిటికీలు బార్లా తెరిచింది. అదే ఊపులో చీపురు కట్ట చూపించి నన్ను మెట్ల దాకా తరిమింది. “దిగండి. వెనక్కి తిరిగి ఊపిరి వదలకండి.”

“మరి నాకు తిండో?” అని లోపలి నుంచి అన్నయ్య.

“రొట్టె తినండి. ఒక్క పూటకు చావరు.”

దిగి కింది మెట్టు మీద కూర్చున్నాను. పైన మళ్లీ గిన్నెల చప్పుడు, కూరగాయలు తరిగే చప్పుడు మొదలయ్యాయి. మధ్యలో ఒక్కసారి అన్ని చప్పుళ్లూ ఆగాయి. అన్నయ్య గ్లాసు ఎత్తి ఉంటాడు. నేనూ ఊపిరి బిగబట్టాను. కాసేపటికి కత్తి మళ్లీ కదిలింది.

“మరిదీ!” అని కేక వచ్చింది పైనుంచి. “మళ్లీ తుమ్మారా?”

లోపల ఎక్కడో ఒకటి కదిలి, పైకి పాకి, ముక్కు చివర దాకా వచ్చి నిలబడింది.

“ఇంకా లేదు వదినా,” అన్నాను, రెండు వేళ్లతో ముక్కు గట్టిగా పట్టుకుని.